కింది తీగ

స్టీల్ గిటార్‌కి ఆరు తీగలుంటాయి. రాడ్డు మాస్టారి గిటార్‌కి ఐదే ఉండేవి. ఒంటికి దగ్గరగా, బొటనవేలికి అందేచోట ఉండాల్సిన ఆరో తీగ లేదు. దాన్ని చుట్టాల్సిన బిరడా మాత్రం ఉట్టిదే నిలబడి ఉండేది. ఎవరైనా అడిగితే, "అది మా అన్నయ్య వాటా" అనేవాడు. ఇంకా అడిగితే ఇంకా చెప్పేవాడే, కానీ ఎవరూ అంతదూరం అడగలేదు.

ఆ గిటార్‌ని నిలబడి వాయించరు. ఒళ్ళో బల్లపరుపుగా పెట్టుకుని, ఎడమచేత్తో ఇనపరాడ్డు ఒకటి తీగల మీద జారుస్తూ, కుడిచేత్తో మీటుతారు. హోటల్ బ్యాండులో ఉన్నప్పుడు తోటివాళ్ళు రాడ్డు అని పిలిచేవారు. జుట్టు నెరిశాక చివర మాస్టారు చేరింది. పగలు అదే హోటల్లో బట్టలుతికే యంత్రాలకి మెకానిక్కు, సాయంత్రం డ్యాన్సుహాల్లో జాజ్ వాయిద్యగాడు. రెండు పనులకీ గేటు ఒకటే, చొక్కాలు వేరు.

బ్యాండులో అన్నయ్య బేస్ వాయించేవాడు. మనిషంత ఎత్తుండే వాయిద్యం అది. నేల మీద మేకులాంటి కాలు దిగేసి, దాన్ని వాటేసుకుని నిలబడాలి. తమ్ముడు స్టీల్ గిటార్ తెచ్చుకున్న కొత్తలో దానికి సి సిక్స్త్ అనే శ్రుతి పెట్టాడు. బ్యాండువాళ్ళు దాన్ని జాజ్ శ్రుతి అనేవాళ్ళు. మన స్వరాల్లో చెప్పాలంటే కింది నుంచి స, గ, ప, ద, మళ్ళీ పైన స, గ. మొదటి రిహార్సల్లో తమ్ముడి కింది స, అన్నయ్య బేస్ ఒకదాన్నొకటి తొక్కుకున్నాయి. అన్నయ్య ఆపి, "పైన నువ్వెన్ని వేషాలైనా వెయ్యి. కింది స నాది. నా వీధిలోకి రాకు" అన్నాడు. అందరూ నవ్వారు. తమ్ముడు ఆ సాయంత్రమే కింది తీగ విప్పేశాడు. మళ్ళీ వెయ్యలేదు.

తర్వాత హోటలు వాళ్ళు డ్యాన్సుహాల్లో కుర్చీలు పేర్చుకోవడం మొదలుపెట్టారు. బ్యాండు ఎవరి దారి వాళ్ళది అయింది. అన్నయ్య వేళ్ళు వంగడం మానేస్తే బేస్ అమ్మేశాడు. వదిన పోయింది. అన్నయ్యని కూతురు వచ్చి వేరే ఊళ్ళో తన ఇంటికి తీసుకెళ్ళింది. పెళ్ళి చేసుకోని మాస్టారు, అందరూ కలిసి ఉన్న ఆ రెండు గదుల ఇంట్లో మిగిలాడు. ముందుగదిలో బేస్ కాలు దిగిన చోట నేలలో గుంట పడింది. పెన్ను మూత పట్టేంత గుంట. చీకట్లో కూడా ఆయన కాలు దాన్ని తప్పించుకుని నడిచేది.

సాయంత్రాలు ఆ గదిలో కూర్చుని వాయించుకునేవాడు. చేతి అలవాటు ఒకటుంది. పాట ఏదైనా ముందు పై మూడు తీగలు, ద స గ, ఒక్కసారి మీటి నిలబెడతాడు. డ్యాన్సుహాల్లో ఆ మూడింటి కింద అన్నయ్య స పడేది. పడగానే మొత్తం వెలిగేది. ఇంట్లో మీటినా ఆయనకి అలాగే వినపడేది.

*

ఆసుపత్రి లాండ్రీకి ఆయన్ని ఇస్త్రీ రోలర్ బాగుచెయ్యడానికి పిలిచారు. ఉతికిన దుప్పట్లని ఒకవైపు ఇద్దరు ఆడవాళ్ళు రోలర్‌లోకి పెడతారు. రెండోవైపు వేడిగా వచ్చేదాన్ని ఇద్దరు అందుకుని మడత పెడతారు. మాస్టారు యంత్రం కింద వెల్లకిలా పడుకుని బోల్టు బిగిస్తుంటే పైన పాట మొదలైంది. వాళ్ళ పాటే. ఎవరు కట్టారో వాళ్ళకే తెలీదు.

"అంచు నీకు, అంచు నాకు, మధ్య మడత ఇద్దరికీ..."

దుప్పటి ఎంత పొడవో పాదం అంత పొడవు. చివరి మాటకి నాలుగు చేతులూ కలుస్తాయి, మడత పడుతుంది, ఇంకో దుప్పటి వస్తుంది. వాయిద్యం లేదు. చప్పట్లు కొట్టడానికి చేతులు ఖాళీ లేవు. మాస్టారు బోల్టు బిగించడం అయిపోయాక కూడా కింద నుంచి రాలేదు. మడత పెట్టేవాళ్ళలో చిన్నది వంగి చూసి, "లోపల ఇల్లు కట్టుకుంటున్నారా?" అంది. నోటికి విశ్రాంతి ఇవ్వదని ఆవిడకి లాండ్రీలో మోటారు అని పేరు. ఆవిడతో జోడీగా మడత పెట్టే పెద్దావిడని అందరూ పెద్దక్క అనేవారు. పాట ఎత్తుకునేది ఎప్పుడూ పెద్దక్కే.

తర్వాతి గురువారం రోలర్ ఎలా నడుస్తోందో చూడాలని వంక పెట్టుకుని ఆయన గిటార్‌తో సహా వచ్చాడు. దుప్పట్ల బండి పక్కన స్టూలు వేసుకుని గిటార్ ఒళ్ళో పెట్టుకున్నాడు.

"అదేంటి మాస్టారూ, దాన్ని ఒళ్ళో పడుకోబెట్టుకున్నారు? జ్వరమా?" అంది మోటారు.

"లేచిందంటే పట్టుకోలేం అమ్మా" అన్నాడు.

పక్కన బట్టలు ఆరబెట్టే యంత్రం తిరుగుతోంది. దాని ఫ్యాను ఒకే స్వరం మీద మోగుతూ ఉంటుంది. దానితో గొడవెందుకని ఆయన తన తీగలు ఆ మోతకి కలుపుకున్నాడు. ఆ పని చేస్తున్నట్టు కూడా అనుకోలేదు. పక్కింట్లో రేడియో మోగుతుంటే మనం గొంతు పెంచి మాట్లాడతామే, అలా.

మొదటిరోజు కుదరలేదు. డ్యాన్సుహాలు అలవాటు కొద్దీ పాదం మధ్యలో రాడ్డు అటూ ఇటూ జారిపోయేది. కలిపి మీటే ఒక స్వరాల గుంపు నుంచి ఇంకోదానికి వెళ్ళేలోపు దారిలో రెండు ఇళ్ళు తొంగిచూసి వెళ్ళడం జాజ్ వాళ్ళ పద్ధతి. పెద్దక్క పాట ఆపేసి, "దుప్పటి రాకముందే మడత పెట్టేస్తున్నారు మీరు" అంది. ఆయన తల ఊపాడు. ఆ రోజు నుంచి రాడ్డుని దుప్పటితోపాటు నడిపాడు. దుప్పటి రోలర్ నుంచి బయటపడేదాకా ఒకేచోట ఉంచడం, చేతులు కలిసేటప్పుడు జార్చడం, అంతే. జాజ్ శ్రుతి లాండ్రీ పాటకి అలవాటు పడింది. ద స గ అని మీటితే పెద్దక్క అందుకునేది. ఎక్కడ అందుకోవాలో వెతుక్కోవలసిన అవసరం ఆవిడకి ఒక్కరోజు కూడా రాలేదు.

గురువారాలు అలా నడిచాయి. ఒకసారి జలుబు చేసి ఆయన వెళ్ళలేదు. ఆ పై వారం గుమ్మంలో కాలు పెట్టగానే నలుగురూ ఒకేసారి, "మొన్న రాలేదేం?" అని అడిగారు. ఆయన గిటార్ పెట్టె గొళ్ళెం తీస్తూ ఉండిపోయాడు. అన్నయ్య వెళ్ళిపోయాక ఆ ప్రశ్న వేసినవాళ్ళు లేరు. మిగతా రోజుల్లో ఆయన ఎక్కడికి వెళ్ళినా, వెళ్ళకపోయినా ఒకటే.

*

ఆసుపత్రి వార్షికోత్సవంలో లాండ్రీవాళ్ళ పాట పెడదామని సూపర్‌వైజరమ్మకి ఆలోచన వచ్చింది. నర్సులది నాటిక, వంటశాలవాళ్ళది హాస్యం, లాండ్రీది పాట. ఆడవాళ్ళు ఇస్త్రీ చేసిన యూనిఫాంలు వేసుకున్నారు. మాస్టారు బ్యాండు రోజుల కోటు తీశాడు. గుండీ పట్టలేదు, విప్పే వేసుకున్నాడు.

హాలు పెద్దది. జనం కూర్చున్నాక నిశ్శబ్దం అయింది. మాస్టారు ద స గ మీటాడు. ఎప్పటిలా నిలబెట్టాడు. ఎప్పటిలాగే ఉంది ఆయనకి.

పెద్దక్క నోరు తెరిచి ఆగింది. మళ్ళీ తెరిచింది. ఎత్తుకున్న స్వరం రోజూ ఎత్తుకునేది కాదు, దానికి కిందిది. వెనకవరస ఆవిణ్ణి అనుసరించింది. ముందువరసలో మోటారు రోజూ స్వరమే పట్టుకుంది. పాట రెండు ముక్కలైంది. మోటారు భయపడి అటు జారింది. అప్పటికి అందరూ ఒకచోట చేరారు గానీ, చేరింది పాట ఉండాల్సిన చోట కాదు. దుప్పట్లు మడత పెట్టుకునే పాట కాస్తా శవం పక్కన కూర్చుని పాడేదానిలా సాగింది. ముందు వరసలో కూర్చున్న పెద్ద డాక్టరు పక్కాయన్ని ఏదో అడిగి, లేచి చేతులు కట్టుకుని తల వంచాడు. ఆయన్ని చూసి ఆ వరస లేచింది. వరస తర్వాత వరస మొత్తం హాలు లేచి నిలబడింది. పాట ఐనంతసేపూ అలాగే నిలబడ్డారు. ఐపోయాక ఎవరూ చప్పట్లు కొట్టలేదు. ఒక నర్సు మాత్రం వచ్చి మోటారు భుజం నిమిరి, "ఎవరమ్మా పోయింది?" అని అడిగింది.

మోటారు రెండురోజులు మాట్లాడలేదని లాండ్రీలో చెప్పుకున్నారు.

గురువారం సూపర్‌వైజరమ్మ మాస్టారిని పక్కకి పిలిచింది. వచ్చేనెల పెద్దక్క రిటైరవుతోంది. వీడ్కోలు నాడు ఆవిడ చివరిసారి పాడుతుంది. ఆ రోజుకి ఫోన్లో శ్రుతి పెట్టుకుందామని, మాస్టారు ఏమీ అనుకోకుండా వచ్చి భోజనం చేసి వెళ్ళాలని చెప్పింది. ఆవిడ మాటలో ఎక్కడా విసురు లేదు. ఆయనకి తల కొట్టేసినట్టయింది.

"నేను తప్పు వాయించలేదమ్మా" అన్నాడు.

"మీ తప్పని ఎవరన్నారు? వీళ్ళు బెదిరిపోయి ఉంటారు. ఫోనైతే బెదిరినా పట్టుకుంటుంది కదా."

దుప్పటి అంచులు పట్టుకుని ఉన్న పెద్దక్క తల తిప్పకుండానే, "బెదరలేదు. రోజూ కాలికి తగిలే మెట్టు ఆ రోజు తగల్లేదు" అంది. దుప్పటి మడత పెట్టి బండిలో వేసి, అప్పుడు ఇటు తిరిగింది. "వీడ్కోలు నాది. మాస్టారిని చూసుకోమనండి, ఆ మెట్టు ఏమైందో. అప్పటికీ కుదరకపోతే ఫోనే పెట్టుకుందాం. ఏం మాస్టారూ?"

ఆయన సరేనన్నాడు. ఏం చూసుకోవాలో మాత్రం తెలియలేదు. ఇంటికెళ్ళి ద స గ మీటాడు. బాగానే ఉంది. మళ్ళీ మీటాడు. ఏ లోపం లేదు. ఇంత బాగున్నదాన్ని పట్టుకుని వాళ్ళెలా పడిపోయారో అర్థం కాలేదు. నిజంగా వాళ్ళే బెదిరారేమో, పెద్దక్క మొహమాటానికి అలా అందేమో అనుకున్నాడు. అనుకుంటే కాస్త తేలికగా ఉంది, కానీ పెద్దక్క మొహమాటపడే మనిషి కాదు.

*

తర్వాతివారం ఆరబెట్టే యంత్రంలో బేరింగు గీరుకుంటోందని కబురొస్తే గిటార్ కూడా తీసుకునే వెళ్ళాడు. ఆడవాళ్ళు టీకి వెళ్ళారు. యంత్రం విప్పాలంటే ముందు ఆపాలి, ఆపినా లోపలి ఫ్యాను వెంటనే నిలవదు. ఆయన స్విచ్చి తీసి, అది నిలిచేదాకా ఖాళీగా ఎందుకని గిటార్ ఒళ్ళోకి తీసుకున్నాడు. ద స గ మీటాడు.

ఫ్యాను మోత కిందికి జారుతోంది. జారుతూ జారుతూ గొణుగుడై, ఆగిపోయింది. ఆయన మళ్ళీ మీటాడు. రాడ్డు కదల్లేదు, చెయ్యి మారలేదు, మీటింది అవే మూడు తీగలు. కానీ ఈసారి వాటిలోంచి ఏడుపు వచ్చింది. వార్షికోత్సవంలో పెద్ద డాక్టరు లేచి నిలబడ్డది ఈ ఏడుపుకే.

లేచి స్విచ్చి వేశాడు. మోత పైకి లేచి తన స్వరం మీద నిలబడింది. మీటాడు. వెలిగింది. స్విచ్చి తీశాడు. మోత దిగింది. మీటాడు. ఆరింది. మళ్ళీ వేశాడు.

టీ గ్లాసుతో వచ్చిన మోటారు గుమ్మంలో నిలబడి చూసింది. "ఏంటి మాస్టారూ, చిన్నపిల్లలు లైటుతో ఆడినట్టు?"

ఆయన ఆవిణ్ణి కూర్చోబెట్టి వినిపించాడు. ఈ శ్రుతిలో పై మూడు తీగలకి తమకంటూ ఒక ఇల్లు లేదని, కింద స పడితే నవ్వుతాయని, ఏమీ పడకపోతే ద మీద కూలబడి ఏడుపు పలికే మైనర్ అవుతాయని చెప్పాడు. ఇన్ని గురువారాలూ ఆ స వేసింది ఈ ఫ్యాను. హాల్లో ఈ ఫ్యాను లేదు.

"ఆ మాత్రం మీకు తెలీదా?" అంది మోటారు.

తెలుసు. బ్యాండులో చేరిన మొదటివారంలోనే తెలుసు. తెలిసినవాడికి హాల్లో ఎందుకు వినపడలేదన్నదే సంగతి. స్టూలు మీద కూర్చున్నచోటే ఆయనకి అర్థమైంది. హాల్లో ఆయనకి కింది స వినపడింది. ఇంట్లో కూడా వినపడుతూనే ఉంది. అన్నయ్య బేస్ అమ్మేశాక ఒక్క సాయంత్రం కూడా అది ఆగలేదు. ఇంకెవరికీ వినపడటం లేదని ఆయనకి తోచలేదు, ఎందుకంటే ఇంట్లో విని చెప్పడానికి ఇంకెవరూ లేరు.

"ఐతే ఆ ఆరో తీగ వేసెయ్యండి. పుల్లలా ఆ బిరడా ఒక్కటే నిలబడి ఉంటుంది, చూసినప్పుడల్లా నాకు ఊడిన పన్ను గుర్తొస్తుంది."

"అది నాది కాదమ్మా."

"మరెవరిది?"

చెప్పాడు. ఈసారి మొత్తం చెప్పాడు. మోటారు టీ చల్లారేదాకా విని, "ఐతే ఆయన్ని అడగండి. ఫోనుంది కదా" అంది.

*

అన్నయ్య ఫోన్ తియ్యడానికి ఎప్పుడూ ఆలస్యం అవుతుంది. తీశాక టీవీ గొంతు తగ్గించమని ఎవరికో చెప్పాడు. వాళ్ళు తగ్గించలేదు.

"ఏరా, ఒంట్లో బాగుందా?"

"బాగానే ఉంది అన్నయ్యా. నీ మోకాళ్ళు?"

మోకాళ్ళ గురించి, అల్లుడు కొన్న నడిచే యంత్రం గురించి, దాని మీద అందరూ తువ్వాళ్ళు ఆరేస్తున్నారని అన్నయ్య చెప్పుకొచ్చాడు. మాస్టారు గదిలో గుంట పక్కన నిలబడి వింటున్నాడు. అన్నయ్య గుక్క తిప్పుకున్నప్పుడు అందుకున్నాడు.

"అన్నయ్యా, ఆ కింది తీగ వేసుకోనా?"

"ఏ తీగ?"

"నా గిటార్‌కి. కింది స."

"వేసుకో. దానికేం? తెగిందా?"

"తెగలేదు. అప్పుడు తీసేశాను కదా. నీ వీధిలోకి రావద్దన్నావు."

"నేనా? ఎప్పుడు?"

మాస్టారు చెప్పాడు, మొదటి రిహార్సల్, అందరూ నవ్వడం. అవతల టీవీలో ఎవరో గట్టిగా నవ్వారు.

"గుర్తులేదురా. ఆ మాట అన్నది డ్రమ్ములవాడేమో. వాడే అలాంటివి అనేవాడు. అప్పట్నుంచి అలాగే వాయిస్తున్నావా, ఆ తీగ లేకుండా?"

"ఊఁ."

"భలేవాడివిరా. నేనసలు చూళ్ళేదు."

"వినపడేది కాదా, అన్నయ్యా?"

"ఎక్కడ వినపడుతుందిరా, డ్రమ్ముల పక్కన నిలబడేవాణ్ణి. నాకు వాడి దరువు, నా మోత, అంతే. నువ్వు బాగా వాయించేవాడివని అందరూ అనేవాళ్ళులే." తర్వాత ఏదో గుర్తొచ్చినట్టు, "వేసుకోరా, వేసుకో. నన్నడగడమేంటి?" అన్నాడు.

వచ్చే సెలవల్లో ఒకసారి రమ్మన్నాడు. వస్తానన్నాడు మాస్టారు. ఇద్దరూ ప్రతిసారీ చెప్పుకునే మాటలే అవి. ఫోన్ పెట్టేశాక ఆయన వంటింట్లోకెళ్ళి నీళ్ళు తాగి గ్లాసు కడిగి బోర్లించాడు. కడిగిన గ్లాసే మళ్ళీ తీసి కడిగాడు.

విప్పేసిన పాత తీగ గిటార్ పెట్టెలోనే ఉంది, కాగితంలో చుట్టి. తీసి బిరడాకి చుడుతుంటే తుప్పు వేళ్ళకంటుకుంది. సగం బిగించేసరికి టప్పున తెగి చేతి మీద కొట్టింది. మర్నాడు దుకాణానికెళ్ళి కొత్తది తెచ్చుకున్నాడు. కొత్త తీగ సాగుతుంది. ఉదయం స మీద నిలబెడితే సాయంత్రానికి కిందికి దిగిపోయేది. రోజూ ఎక్కించేవాడు, రోజూ దిగేది. బొటనవేలికి అక్కడ మీటే అలవాటు లేదు. గాలిలో ఆగిపోయేది. ఎవరో కూర్చున్న కుర్చీలో కూర్చోబోయి ఆగినట్టు ఉండేది. వీడ్కోలు దగ్గరపడే నాటికి తీగ నిలబడింది. వేలు కూడా చాలావరకు దారికొచ్చింది.

*

వీడ్కోలు క్యాంటీన్లో పెట్టారు. బల్లలు గోడకి జరిపారు. యంత్రాల గది దూరం, అక్కడి మోత ఇక్కడికి రాదు. సూపర్‌వైజరమ్మ ఫోన్ తీసి బల్ల మీద, తన చేతికి అందేలా పెట్టుకుంది. మాస్టారు అది చూశాడు. ఆయన చూశాడని ఆవిడ చూసింది, కానీ ఫోన్ తియ్యలేదు.

పెద్దక్క, మోటారు ఒక దుప్పటి తెచ్చుకున్నారు. పాడుతూ మడత పెట్టకపోతే పాట గుర్తుకు రాదని పెద్దక్క ముందే చెప్పింది. చెరో అంచు పట్టుకుని నిలబడ్డారు.

మాస్టారు బొటనవేలు దించాడు. కింది స మోగింది. ఆయన కంగారుపడలేదు, అది గదంతా పరుచుకునేదాకా ఆగాడు. తర్వాత ద స గ మీటాడు.

పెద్దక్క వెతుక్కోలేదు. రోజూ ఎత్తుకునేచోటే ఎత్తుకుంది. వెనక గొంతులు వచ్చి కలిశాయి. దుప్పటి బిగువుగా లాగారు, దగ్గరికొచ్చారు, చేతులు కలిశాయి, మడత. రాడ్డు జారింది, బొటనవేలు దానితో వెళ్ళింది. రెండో పాదానికి సూపర్‌వైజరమ్మ ఫోన్ జేబులో వేసుకుని తనూ పాడింది. వంటశాలవాళ్ళు తలుపు దగ్గరికొచ్చి నిలబడ్డారు. ఈసారి తల వంచినవాళ్ళు లేరు.

చివరి పాదానికి దుప్పటి దిండంత అయింది. ఇక పట్టుకోవడానికి రెండు అంచులు మిగల్లేదు. పెద్దక్క దాన్ని మోటారు చేతుల్లో పెట్టింది. "అంచు నీకు, అంచు నాకు" అంటూ చేతులు వెనక్కి తీసుకుంది. ఆ మాట దగ్గర మాస్టారు బొటనవేలితో తీగని తాకి ఆపి, వేలు ఎత్తేశాడు. కింది స ఆగింది. ద స గ మాత్రం మిగిలాయి. అదే పాట, అవే గొంతులు, కానీ కింద నేల తీసేసినట్టు వాటి రంగు మారింది. ఎవరూ జారిపోలేదు. ఇప్పుడు వాళ్ళకి తమ స్వరం ఎక్కడుందో తెలుసు. పెద్దక్క మాత్రం తల తిప్పి మాస్టారి చేతిని ఒకసారి చూసింది. మోటారు పాడలేదు. దుప్పటి గుండెకి ఆనించుకుని నోరు మూసుకుని నిలబడింది. "ఇద్దరికీ" అన్న మాటకి ఆయన మళ్ళీ బొటనవేలు దించాడు. పాట అయిపోయింది. చప్పట్లు మోగాయి.

భోజనాల దగ్గర పెద్దక్క ఆయన ప్లేటులో ఇంకాస్త వడ్డించి, "మెట్టు దొరికినట్టుంది" అంది.

"దొరికింది."

"చివర్లో తీసేశారే?"

"అక్కడ ఉండకూడదనిపించింది."

ఆవిడ సరేనన్నట్టు తల ఊపి వేరేవాళ్ళ దగ్గరికి వెళ్ళింది. గురువారం మానొద్దని సూపర్‌వైజరమ్మ చెప్పింది. కొత్తగా మోటారుకి జోడీ వస్తున్నావిడకి పాట రాదని, నేర్పాలని చెప్పింది. మోటారు అప్పటికి తేరుకుని, "మాస్టారికి పన్ను కట్టించుకున్నాక ధీమా వచ్చింది, చూశారా" అంది. అందరూ నవ్వారు. ఆయన కూడా నవ్వాడు.

ఇంటికొచ్చేసరికి ఇంకా వెలుతురుంది. కోటు విప్పి కుర్చీకి తగిలించాడు. ఉదయం తాడు మీద ఆరేసిన దుప్పటి తీసి, ఒక అంచు గడ్డం కింద నొక్కిపెట్టి, చేతులు చాచి మడత పెట్టాడు. వంకరగా వచ్చింది. అలాగే మంచం మీద పడేశాడు.

అన్నయ్యకి ఫోన్ చేసి చెబుదామనుకున్నాడు. ఏం చెప్పాలన్నది ఒక పట్టాన తేలలేదు. టీవీ వేళ కూడా అదే. ఫోన్ పక్కన పెట్టి గిటార్ తీసి ముందుగదిలో కూర్చున్నాడు. ప్రయాణంలో కొత్త తీగ కాస్త దిగింది. దాన్ని స మీదికి ఎక్కించాడు.

అలవాటు ప్రకారం చెయ్యి పై మూడు తీగల మీదికే వెళ్ళింది. ద స గ మీటి, బొటనవేలు ఎత్తి పట్టుకుని, ఎప్పటిలా ఆగాడు. తీగల మోత సన్నబడి గోడల్లో కలిసిపోయింది. కింద ఏమీ వినపడలేదు. ఇంకోసారి మీటాడు. కళ్ళు మూసుకుని, మెడ ముందుకు వంచి, నేలలో ఉన్న గుంటవైపు చెవి పెట్టి విన్నాడు. మూడు తీగలే ఉన్నాయి. గదిలో ఇంకెవరూ వాయించడం లేదు.

కళ్ళు తెరిచాడు. తర్వాత బొటనవేలు దించి కింది స తనే మీటుకున్నాడు.